కట్ట వేరు, ముడి వేరు: డేటాబేస్‌కు వందల ఆదేశాలు ఒక్కసారిగా పంపడం ఎలా?

నాట్ల కాలంలో నారుమడి నుంచి పొలంలోకి ఒక్కో మొక్కను చేతబట్టుకొని ఎవరూ నడవరు. పీకిన నారును కట్టలు కడతారు. ఆ కట్టలను గెట్టు మీది నుంచి మడిలో అక్కడక్కడ విసురుతారు. నాటేవాళ్లు చేతికందిన కట్ట విప్పి, వంచిన నడుము ఎత్తకుండా నాటుకుంటూ పోతారు. నడక తగ్గుతుంది, నాటు సాగుతుంది.

ప్రోగ్రామ్ నుంచి డేటాబేస్‌కు ఆదేశాలు పంపడమూ ఇలాంటి పనే. ఒక్కో ఆదేశాన్ని విడిగా పంపి, జవాబు కోసం ఆగి, మళ్లీ ఇంకొకటి పంపితే పోవడం రావడంతోనే పొద్దు గడిచిపోతుంది. వందలు, వేలు కలిపి ఒక కట్టగా పంపాలి. దీన్నే బ్యాచ్ అంటారు. కొత్తగా నేర్చుకునేవాళ్లలో చాలామంది కట్ట కట్టడం నేర్చుకొని అక్కడితో ఆగిపోతారు, దానికి ముడి వేయడం మరిచిపోతారు. ముడి లేని కట్ట దారిలో విడిపోతే సగం నారు మడిలోకి చేరుతుంది, సగం కాలువలో పోతుంది. డేటాబేస్ లోకంలో ఆ ముడి పేరు ట్రాన్సాక్షన్. కట్ట పనిని వేగంగా చేస్తుంది. ముడి ఆ పనిని పూర్తిగా చేస్తుంది, లేదా అసలు చేయకుండా ఆపుతుంది. ఈ రెండింటినీ అడుగడుగునా నేర్చుకుందాం.

మన పాఠానికి ఉదాహరణ: ఒక దసరా రోజు

2016 అక్టోబర్ 11, విజయదశమి. ఆ రోజు తెలంగాణలో జిల్లాలు 10 నుంచి 31 అయ్యాయి. 57 మండలాల పాత కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు విడివడ్డాయి. హుస్నాబాద్, కోహెడ వంటి మండలాలు సిద్దిపేటకు, కమలాపూర్, ఎల్కతుర్తి వరంగల్ అర్బన్‌కు, కాటారం, మహదేవ్‌పూర్ జయశంకర్ భూపాలపల్లికి వెళ్లాయి. 52 మండలాల పాత ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది: ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమ్రం భీం ఆసిఫాబాద్.

కోరుట్లలో ఉన్న మనిషి ఇల్లు కదలలేదు, పొలం కదలలేదు, జిల్లా మాత్రం మారింది. ఆ మనిషి పేరున్న ప్రతి పట్టికలోనూ జిల్లా గడి మారాలి. కథ అక్కడితో ఆగలేదు. 2019 ఫిబ్రవరి 17న ములుగు, నారాయణపేట చేరి జిల్లాలు 33 అయ్యాయి. 2021లో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ జిల్లాగా మారింది. అంటే కమలాపూర్‌లో ఒకే ఇంట్లో ఉన్న కుటుంబానికి ఐదేళ్లలో కరీంనగర్, వరంగల్ అర్బన్, హనుమకొండ అని మూడు చిరునామాలు వచ్చాయి.

మన పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. 57, 52 కలిపి 109 మండలాల పట్టిక ఒకటి తయారుచేసి, ఆ దసరా నాటి మార్పును మన ప్రోగ్రామ్‌తో చేద్దాం.

మొదటి అడుగు: సరంజామా

పైథాన్ ఉంటే చాలు. ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌తో మాట్లాడే మాడ్యూల్ దానితోపాటే వస్తుంది, వేరే సర్వర్ అక్కర్లేదు. డేటాబేస్ అంతా ఒక్క ఫైలులో ఉంటుంది.

రెండు పట్టికలు చేయండి. ఒకటి ‘జిల్లాలు’: కోడ్, పేరు. రెండోది ‘మండలాలు’: మండలం కోడ్, పేరు, జిల్లా కోడ్. మండలాల పట్టికలోని జిల్లా కోడ్ తప్పకుండా జిల్లాల పట్టికలో ఉండాలని ఫారిన్ కీ నియమం పెట్టండి. ఎస్‌క్యూలైట్ ఈ నియమాన్ని మామూలుగా పట్టించుకోదు. కనెక్షన్ తెరిచిన వెంటనే, ఇంకే పనీ మొదలుపెట్టకముందే, ‘ప్రాగ్మా ఫారిన్ కీస్’ను ఆన్ చేయాలి. ట్రాన్సాక్షన్ మధ్యలో ఆన్ చేస్తే పనిచేయదు.

చివరగా ఆ ఫైలును కాపీ చేసి పక్కన పెట్టుకోండి. సాధన చేసేటప్పుడే ఈ అలవాటు పడితే అసలు పనిలో మరిచిపోరు.

రెండో అడుగు: మార్పుల జాబితాను కోడ్‌తో రాయండి

ఏ మండలం ఏ జిల్లా నుంచి ఏ జిల్లాకు పోతుందో ఒక సీఎస్‌వీ ఫైలులో రాసుకోండి. మూడు నిలువు వరుసలు చాలు: మండలం కోడ్, పాత జిల్లా కోడ్, కొత్త జిల్లా కోడ్. పేరు కాకుండా కోడ్ ఎందుకంటే, ఆ కారణం మన జిల్లాల్లోనే ఉంది.

పాత కరీంనగర్‌లో ముత్తారం పేరుతో రెండు మండలాలుండేవి. మంథని వైపు ముత్తారం పెద్దపల్లి జిల్లాలోకి వచ్చింది. మహదేవ్‌పూర్ వైపు ముత్తారం, ఇప్పుడు మహాముత్తారం అని పిలిచేది, భూపాలపల్లి జిల్లాలోకి పోయింది. ‘పేరు ముత్తారం అయితే పెద్దపల్లికి మార్చు’ అని రాస్తే డేటాబేస్ ఏ ఎర్రరూ చూపకుండా రెండింటినీ మార్చేస్తుంది. సారంగాపూర్ కూడా రెండు చోట్ల ఉంది, ఒకటి జగిత్యాల జిల్లాలో, ఒకటి నిర్మల్ జిల్లాలో. తాండూర్ మంచిర్యాల జిల్లాలోనూ ఉంది, వికారాబాద్ జిల్లాలోనూ ఉంది. పేరు మనుషులు పిలుచుకోవడానికి, కోడ్ యంత్రం గుర్తుపట్టడానికి. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి జిల్లాకు, మండలానికి, గ్రామానికి ఒక కోడ్ ఉంటుంది. అసలు పనికి అలాంటి కోడ్‌నే ఆధారం చేసుకోండి.

తెలుగులో డేటా రాసేవాళ్లకు మరో చిక్కు ఉంది. ‘ఆసిఫాబాద్’ అనే మాట చివర కొందరి కీబోర్డు కంటికి కనిపించని ఒక గుర్తును చేరుస్తుంది. పొల్లు తర్వాత వచ్చే అక్షరం ఒత్తుగా మారకుండా విడదీసే గుర్తు అది. అది ఉన్న మాట, లేని మాట మన కంటికి ఒకటే, యంత్రానికి మాత్రం రెండు వేర్వేరు మాటలు. పేరును బట్టి వెతికితే సగం వరుసలు దొరకకపోవడానికి ఇది చాలు.

ఫైలును యూటీఎఫ్-8లో దాచండి. ఎక్సెల్‌లో తెరిస్తే కోడ్ మొదట్లో ఉన్న సున్నాలు ఎగిరిపోతాయి కాబట్టి ఆ నిలువు వరుసను అంకెలుగా కాక టెక్స్ట్‌గా పెట్టండి.

మూడో అడుగు: పడుగు ఒకసారి, పేక ఎన్నిసార్లయినా

సిరిసిల్ల మరమగ్గం చూసినవాళ్లకు ఈ అడుగు తేలిగ్గా అర్థమవుతుంది. బీముకు చుట్టిన పడుగును మగ్గానికి ఒకసారి ఎక్కిస్తారు. తర్వాత నాడె అటూ ఇటూ పరుగెత్తుతూ పేక దారం వేస్తూనే ఉంటుంది. ప్రతి పోగుకూ పడుగును మళ్లీ సిద్ధం చేయరు.

మన ఆదేశం కూడా అలాగే ఉండాలి. మారనిది పడుగు, వరుస వరుసకూ మారేది పేక. మారేవాటి చోట ప్రశ్నార్థకం గుర్తు పెట్టాలి:

అప్‌డేట్ మండలాలు సెట్ జిల్లా_కోడ్ = ? వేర్ మండలం_కోడ్ = ? అండ్ జిల్లా_కోడ్ = ?

ఇందులోని ఎస్‌క్యూఎల్ మాటలను కీబోర్డు మీద ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. మొదటి ప్రశ్నార్థకం కొత్త జిల్లా, రెండోది మండలం, మూడోది పాత జిల్లా. ఈ వరుస తప్పకూడదు.

విలువలను ప్లస్ గుర్తుతో ఆదేశంలో అతికించే అలవాటును మొదటి రోజే వదిలేయండి. పేరులో ఒక్క కొటేషన్ గుర్తు ఉంటే ఆదేశం అక్కడే విరిగిపోతుంది. బయటివాళ్లు టైప్ చేసిన విలువ అయితే అందులో ఇంకో ఆదేశం దాక్కొని రావచ్చు. ప్రశ్నార్థకం పెట్టిన చోటికి ఏం వచ్చినా డేటాబేస్ దాన్ని విలువగానే చూస్తుంది, ఆదేశంగా చూడదు.

చివర ‘పాత జిల్లా ఇదే అయితేనే’ అనే షరతు ఎందుకు పెట్టామో గమనించండి. కరెంటు పోయి ప్రోగ్రామ్‌ను రెండోసారి నడపాల్సి వచ్చిందనుకోండి. మొదటిసారే మారిన వరుసకు ఇప్పుడు పాత జిల్లా కోడ్ ఉండదు, కాబట్టి ఆదేశం దాన్ని ముట్టుకోదు. 2021 మార్పు కూడా అయ్యాక ఎవరైనా 2016 మార్పును మళ్లీ నడిపినా కమలాపూర్ వెనక్కి వరంగల్ అర్బన్‌లోకి పోదు. ఆ చిన్న షరతు ఇంత కాపలా కాస్తుంది.

నాలుగో అడుగు: కట్ట కట్టండి

సీఎస్‌వీ ఫైలును చదివి, ఒక్కో వరుసను కొత్త జిల్లా, మండలం, పాత జిల్లా అనే మూడు విలువల జట్టుగా చేసి ఒక లిస్టులో పేర్చండి. ఆ లిస్టే మన కట్ట. దాన్ని, మూడో అడుగులో రాసిన ఆదేశాన్ని కలిపి ‘ఎగ్జిక్యూట్‌మెనీ’ అనే ఫంక్షన్‌కు ఇవ్వండి. ఆదేశం ఒక్కటే, విలువలు మాత్రం వరుసగా మారుతూ అన్నీ నడుస్తాయి.

ఆ దసరా మార్పుకు ఒక కట్ట సరిపోదు. మొదటి కట్టలో కొత్త జిల్లాలను చేర్చాలి. మన పాఠానికి జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్, సిద్దిపేట, వరంగల్ అర్బన్, భూపాలపల్లి అని తొమ్మిది వస్తాయి. రెండో కట్టలో మండలాల జిల్లా కోడ్‌లు మార్చాలి. మూడో కట్టలో అప్పుడే పుట్టిన మావల, వేములవాడ రూరల్, జగిత్యాల రూరల్ వంటి మండలాలను చేర్చాలి. ఈ వరుస మారితే పని సాగదు, ఎందుకంటే పట్టికలో లేని జిల్లాకు మండలాన్ని పంపితే ఫారిన్ కీ నియమం అడ్డుపడుతుంది.

ఐదో అడుగు: మూడు కట్టలకూ ఒకే ముడి

ఇక్కడ కొంచెం నెమ్మదిగా చదవండి. రెండో కట్టలో 40 మండలాలు మారాక 41వ దాని దగ్గర ప్రోగ్రామ్ ఆగిపోయిందనుకుందాం. ముడి లేకపోతే సగం మండలాలు కొత్త జిల్లాల్లో, సగం పాత కరీంనగర్‌లో ఉండిపోతాయి. అలాంటి పట్టిక 2016 అక్టోబర్ 10 నాటి నిజాన్ని చెప్పదు, 11 నాటి నిజాన్నీ చెప్పదు. ఏ రోజూ లేని ఒక రాష్ట్రం అందులో తయారవుతుంది.

ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, మూడు కట్టలూ నడిపి, చివర ‘కమిట్’ అంటే ముడి బిగుసుకుంటుంది, అన్నీ ఒకేసారి నిలుస్తాయి. మధ్యలో ఏం తప్పు జరిగినా ‘రోల్‌బ్యాక్’ అంటే అన్నీ వెనక్కి పోతాయి, పట్టిక మొదట ఎలా ఉందో అలాగే ఉంటుంది.

పైథాన్ ఎస్‌క్యూలైట్ మాడ్యూల్ మామూలు అమరికలో ఇన్‌సర్ట్, అప్‌డేట్, డిలీట్‌లకు ముందు ట్రాన్సాక్షన్‌ను తానే మొదలుపెడుతుంది. కమిట్ మాత్రం మీరే చేయాలి. కనెక్షన్‌ను ‘విత్’ బ్లాకులో పెడితే, బ్లాకు సవ్యంగా ముగిస్తే కమిట్, ఎర్రరుతో బయటపడితే రోల్‌బ్యాక్ వాటంతటవే జరుగుతాయి. కొత్తవాళ్లకు ఇది మంచి దారి.

రెండు చోట్ల జాగ్రత్తగా ఉండాలి. ‘ఎగ్జిక్యూట్‌స్క్రిప్ట్’ అనే ఫంక్షన్ సెమీకోలన్లతో రాసిన ఆదేశాలన్నిటినీ ఒకేసారి నడుపుతుంది కాబట్టి సౌకర్యంగా కనిపిస్తుంది. కానీ అది మొదలయ్యే ముందు అప్పటిదాకా తెరిచి ఉన్న ట్రాన్సాక్షన్‌ను కమిట్ చేసేస్తుంది. మీరు వేసిన ముడిని మీకు తెలియకుండానే ముందే బిగించేసినట్టు. పట్టికలు సృష్టించడానికి దాన్ని వాడండి, ఈ పనికి వద్దు. రెండోది, ఎర్రరును లోపలే పట్టుకొని వదిలేసే ‘ట్రై’ బ్లాకును లూప్ మధ్యలో పెట్టకండి. తప్పిన వరుసను దాటేసి మిగతావి కమిట్ అయిపోతాయి, ఏది తప్పిందో ఎవరికీ తెలియదు.

ఆరో అడుగు: లెక్క చూశాకే బిగించండి

ఎర్రరు రాలేదంటే పని సరిగ్గా జరిగిందని కాదు. అప్‌డేట్‌కు ఒక్క వరుసా దొరకకపోయినా డేటాబేస్ ఫిర్యాదు చేయదు. ‘సున్నా వరుసలు మారాయి’ అంటుంది, అంతే.

అందుకే కమిట్‌కు ముందు రెండు లెక్కలు చూడండి. మొదటిది, ఎగ్జిక్యూట్‌మెనీ తర్వాత ‘రోకౌంట్’ ఎన్ని వరుసలు మారాయో మొత్తంగా చెబుతుంది. అది మీ జాబితాలోని వరుసల సంఖ్యతో సమానం కావాలి. ఒక్కటి తగ్గినా ఏదో కోడ్ తప్పని, లేదా ఆ మార్పు ముందే జరిగిపోయిందని అర్థం. రెండోది, రెండో కట్ట పూర్తయ్యాక, మూడోది మొదలుకాకముందు, జిల్లాల వారీగా మండలాలను లెక్కించి కూడండి. మొదట 109 ఉన్నాయి, ఇప్పుడూ 109 ఉండాలి. పాత కరీంనగర్ నుంచి వచ్చిన ముక్కలన్నీ కలిపితే 57, పాత ఆదిలాబాద్ ముక్కలు కలిపితే 52 రావాలి. మండలం జిల్లా మారుతుందే తప్ప మాయం కాదు కదా.

లెక్క కుదరకపోతే ప్రోగ్రామే ఒక ఎర్రరును లేవనెత్తేలా రాయండి. విత్ బ్లాకు దాన్ని చూసి రోల్‌బ్యాక్ చేస్తుంది.

మొదటిసారి రెండో అడుగు లేకుండా ఈ పని చేసినప్పుడు నేను పేర్ల మీదే ఆదేశాలు రాశాను. లెక్కలో పెద్దపల్లికి ఒక మండలం ఎక్కువ వచ్చింది, భూపాలపల్లికి ఒకటి తక్కువ వచ్చింది. రెండు ముత్తారాల సంగతి ఆ తేడాయే నాకు చెప్పింది. లెక్క చూడకుండా కమిట్ చేసి ఉంటే ఆ తప్పు పట్టికలో అలాగే ఉండిపోయేది. అప్పటి నుంచి ఈ అడుగును నేనెప్పుడూ దాటలేదు.

ఏడో అడుగు: కావాలని తెంపి చూడండి

ముడి నిలుస్తుందని నమ్మడానికి ఒకటే దారి, దాన్ని లాగి చూడాలి. మార్పుల జాబితా నడుమ ఒక వరుసలో ఏ జిల్లాకూ లేని కోడ్ పెట్టండి. ప్రోగ్రామ్ నడపండి. ఫారిన్ కీ ఎర్రరు వస్తుంది. ఇప్పుడు పట్టిక తెరిచి చూడండి. ఆ వరుసకు ముందు మారినవి కూడా పాత జిల్లాల్లోనే ఉండాలి, మొదటి కట్టలో చేర్చిన కొత్త జిల్లాలు కూడా ఉండకూడదు. ఒక్కటి మారి కనిపించినా మీ ముడిలో ఎక్కడో లోపముంది.

తర్వాత ఇంకో పరీక్ష. కమిట్‌కు ముందు ప్రోగ్రామ్ ఒక నిమిషం ఆగేలా చేసి, ఆ నిమిషంలో దాన్ని బలవంతంగా ఆపేయండి. ఎస్‌క్యూలైట్ మార్పులు రాసేముందు పాత పేజీలను పక్కన ఒక జర్నల్ ఫైలులో దాచుకుంటుంది. మళ్లీ తెరిచినప్పుడు సగంలో ఆగిన పని కనిపిస్తే దాని సాయంతో పాత స్థితికి తెస్తుంది. కరెంటు పోతే ఏమవుతుందన్న భయం ఈ పరీక్ష చేశాక తగ్గుతుంది.

ఎనిమిదో అడుగు: కట్ట ఎంత పెద్దది, ముడి ఎక్కడ?

109 వరుసలకు వేగం తేడా తెలియదు. ఇప్పుడు కల్పిత పేర్లతో 50,000 మంది రైతుల పట్టిక ఒకటి చేసి, ఒక్కో వరుసకూ ఒక్కో కమిట్ చేస్తూ చేర్చి చూడండి. ప్రతి కమిట్‌కూ డేటా నిజంగా డిస్కు మీదికి చేరిందని నిర్ధారించుకునే దాకా డేటాబేస్ ఆగుతుంది. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే పాత హార్డ్ డిస్కు మీద సెకనుకు 60 కమిట్‌లకు మించవు. ఆ లెక్కన 50,000 వరుసలకు దాదాపు 14 నిమిషాలు పడుతుంది. అవే వరుసలు ఒకే ట్రాన్సాక్షన్‌లో పెడితే సెకన్లలో అయిపోతాయి. డేటాబేస్ వేరే ఊళ్లోని సర్వర్‌లో ఉంటే ప్రయాణం కూడా కలుస్తుంది. ఒక్క పోవడం రావడానికి 20 మిల్లీసెకన్లు పడితే 10,000 ఆదేశాలకు దారిలోనే 200 సెకన్లు పోతాయి.

అలాగని లక్షల వరుసలను ఒకే కట్టలో పెట్టకండి. మెమరీ నిండుతుంది. ట్రాన్సాక్షన్ తెరిచి ఉన్నంతసేపు మిగతావాళ్లు ఆగాలి, ఎస్‌క్యూలైట్‌లో ఒకసారికి ఒక్కరే రాయగలరు. 500 నుంచి 5,000 వరకు వరుసలతో మొదలుపెట్టి, సమయం కొలిచి, మీ పనికి తగ్గ కట్టను ఎంచుకోండి.

ముడి సంగతి మాత్రం కొలతతో తేలేది కాదు. తెలంగాణలో రైతులకు పెట్టుబడి సాయంగా ఇచ్చిన రైతుబంధును తీసుకోండి. 2018 మే 10న కరీంనగర్ జిల్లా హుజూరాబాద్‌లో మొదలైంది, అప్పట్లో పంటకు ఎకరానికి 4,000 రూపాయలు. మొదటి విడత చెక్కులిచ్చారు, తర్వాతి విడతల్లో డబ్బు నేరుగా ఖాతాల్లో పడింది. ఇలాంటి చెల్లింపుల ప్రోగ్రామ్ మీరు రాస్తున్నారనుకోండి. వెయ్యి మందిలో ఒకరి ఖాతా నంబరు తప్పు. అందరికీ కలిపి ఒకే ముడి వేస్తే ఆ ఒక్కరి వల్ల 999 మందికి డబ్బు ఆగుతుంది. ఇక్కడ ముడి ఒక్కో రైతుకు ఉండాలి. చెల్లించినట్టు రాసిన వరుస, లెక్కలో తగ్గిన మొత్తం కలిసి నిలవాలి, లేదా కలిసి వెనక్కి పోవాలి. తప్పిన పేరు వేరే పట్టికలోకి కారణంతో సహా చేరాలి. ఒకే కట్టలో ఇలాంటి చిన్న ముళ్లు వేయడానికి ‘సేవ్‌పాయింట్’ ఉంది, ఆ గుర్తు దాకా మాత్రమే వెనక్కి పోవచ్చు.

జిల్లాల మార్పుకు అందరికీ ఒక ముడి, చెల్లింపుకు ఒక్కొక్కరికి ఒక ముడి. ‘ఇందులో ఏవి కలిసి నిజం కావాలి?’ అని అడగండి. జవాబు వచ్చిన చోట ముడి వేయండి.

మీ డేటాబేస్ వేరైతే

జావాలో ‘యాడ్‌బ్యాచ్’తో కట్టలో చేర్చి, ‘ఎగ్జిక్యూట్‌బ్యాచ్’తో పంపుతారు. అక్కడ కనెక్షన్ మొదట ఆటోకమిట్‌లో, అంటే ఒక్కో ఆదేశం దానంతటదే కమిట్ అయ్యే అమరికలో ఉంటుంది, దాన్ని ఆపకపోతే మీది ముడి లేని కట్ట. మైఎస్‌క్యూఎల్ జావా డ్రైవర్‌లో ‘రీరైట్ బ్యాచ్డ్ స్టేట్‌మెంట్స్’ ఆన్ చేస్తేనే వేగం బాగా పెరుగుతుంది. పోస్ట్‌గ్రెస్‌కు పైథాన్ నుంచి సైకాప్‌జీ2 వాడితే దాని ఎగ్జిక్యూట్‌మెనీ లూప్ కంటే వేగమేమీ కాదు, ‘ఎగ్జిక్యూట్ వాల్యూస్’ వాడాలి. మైఎస్‌క్యూఎల్‌లో పట్టికను సృష్టించే, మార్చే ఆదేశాలు తెరిచి ఉన్న ట్రాన్సాక్షన్‌ను కమిట్ చేసేస్తాయి, కాబట్టి వాటిని కట్టకు ముందే ముగించండి.

అసలు పనికి దిగే ముందు

కాపీ తీశారా? జాబితా కోడ్‌లతో ఉందా? విలువల చోట ప్రశ్నార్థకాలున్నాయా? రెండోసారి నడిపినా చెడిపోని షరతు ఉందా? ఆటోకమిట్ ఆగిందా? లెక్క సరిపోతేనే కమిట్ అయ్యేలా రాశారా? ఒకసారి తెంపి చూశారా?

ఏడింటికీ అవునని జవాబు వచ్చాకే అసలు పట్టికను ముట్టుకోండి. మన తెర మీద ఒక వరుసగా కనిపించేది, మహాముత్తారంలో ఒక సర్టిఫికెట్ కోసం పని వదులుకొని ఆఫీసుకు వచ్చిన మనిషి. ‘మీ మండలం మా జిల్లాలో చూపిస్తలేదు’ అనే మాట ఆ మనిషి వినకుండా చేయడం మన చేతిలోనే ఉంది. ఈ సాయంత్రమే 109 వరుసల పట్టిక చేయండి, నడుమ ఒక తప్పు పెట్టండి, మీ ముడి నిలుస్తుందో లేదో చూడండి.